ఉప్పు దిగడం

బందరు నించి లారీలో వచ్చింది,
వరిగడ్డి పరుపు మీద, మోకుల కట్లతో,
తొమ్మిదడుగుల ఇనుము.
సూర్యాపేట దాటాక టైరు పేలిందట.
"దీన్ని చూశాక నేను విన్న పేలుడు అదొక్కటేనండి"
అన్నాడు డ్రైవరు నాంచారయ్య, సంతకం పెడుతూ.

గన్‌ఫౌండ్రీ వెనక సందులో మా షెడ్డు.
పాతవాళ్ళింకా తోప్ కా సాంచా అంటారు.
ఒకప్పుడిక్కడ ఫిరంగులు పోసేవారు,
ఇప్పుడు చాయ్ పోస్తున్నారు.

మొదటి వానకే దానికి చెమట పట్టింది.
ఒంటినిండా పసుపచ్చని బొట్లు,
తుడిస్తే మళ్ళీ.
వాచ్‌మన్ పోశెట్టి కొబ్బరికాయ కొడ్తనన్నడు.
ఉప్పు అని చెప్పాను.
రేవులో నిలబడ్డన్నాళ్ళూ గాలితోబాటు మింగిన ఉప్పు,
తడి తగిలితే బయటికొస్తుంది.
మా శాస్త్రంలోనూ దీన్ని ఏడవడమనే అంటారు.
దిష్టి తియ్యడానికి ఉప్పు తిప్పుతాం కదా,
ఇక్కడ ఉప్పే దిష్టి.

తొట్టిలోకి దించేముందు
ఖుర్షీద్ మియాని పిలిపించాను.
ప్రాగా టూల్స్‌లో ముప్ఫై ఏళ్ళు లేతు తిప్పిన చెయ్యి.
చుట్టూ ఒకసారి నడిచి, వెనక భాగాన్ని
గేదె వీపులా చరిచాడు.
"ఇక్కడ లావు, మూతి దగ్గర సన్నం, చూసినవా బేటీ?
మందు అంటుకునేది ఇక్కడనే.
కోపం పుట్టిన కాడ గోడ మందం ఉండాలె."
గుండుకీ గొట్టానికీ నడుమ గోరంత సందు.
ఎక్కువైతే దెబ్బ సగం గాలిపాలు,
తక్కువైతే ముందు పొయ్యేది కాల్చినోడే.

పక్కల రెండు చెవులు, అవి ఆనిన బండి మాత్రం లేదు.
నేలలో మేకు దిగేసి, వెనక చక్రాలు
ఇనప పట్టా మీద అర్ధచంద్రంగా తిరిగేవని
చాక్‌పీసుతో గచ్చు మీద గీశాను.
మియా నవ్వాడు.
"మా గోల్కొండ తోపు వచ్చేటోని కోసం కూర్చుంటది.
ఇది పొయ్యేటోని ఎంబడి తల తిప్పాలె."

ఓడలు తగలబెట్టడానికి
గుండుని కొలిమిలో ఎర్రగా కాల్చేవారు.
దానికీ మందుకీ మధ్య తడి బంకమట్టి ముద్ద.
ఆ ముద్ద ఆరేలోపు నిప్పు పెట్టాలి.
ఆ మట్టి పిసికిన చేతులెవరివో
ఎక్కడా రాయలేదు.
ఫిరంగి తూకం మాత్రం వీపు మీద ఉలితో:
49 – 2 – 11.

కాలిపర్స్ పెట్టి మియా చాలాసేపు మాట్లాడలేదు.
గొట్టం నడిమధ్యలో లేదు.
ఒక పక్కకి నూలుపోగంత జరిగింది.
"పోసేటప్పుడు నడిమి కడ్డీ కదిలింది.
ఎవనికో ఆనాడు జొరం ఉండొచ్చు."
ఏ దేశపు కార్ఖానాలోనో
ఎవరి జ్వరమో ఇంతకాలం ఇనుములో ఉండిపోయి
కాల్చి ఉంటే ఏ ఓడని తప్పించేదో.

కానీ మూతి కింద, మెడ చుట్టూ, నునుపైన గాడి.
అది యుద్ధం చేసిన గాయం కాదు.
ఫిరంగిని తలకిందులుగా ఒడ్డున పాతేసి
పడవలు కట్టారు. తాడు ఒరుసుకుంది,
పోటుకీ పాటుకీ, రోజుకి రెండుసార్లు, నూరేళ్ళు.
పాతేసినప్పుడు మెడ ఇసకలో ఉంటుందిగా అన్నాడు మియా.
ఇసక కోసుకుపోయి ఉంటుందన్నాను.
మా ఇద్దరికీ నమ్మకం కుదరలేదు.

పధ్నాలుగు నెలలు సోడా నీళ్ళలో.
నెలకోసారి సీసాలో కాసిన్ని తీసి
సిల్వర్ నైట్రేట్ చుక్క వేస్తే
తెల్లటి మబ్బు. బందరు మబ్బు.
విరగ్గొట్టిన నీళ్ళు మోరీలోకి వదిలేవాళ్ళం,
మోరీ మూసీలోకి,
మూసీ వాడపల్లి దగ్గర కృష్ణలోకి.
ఆ పైన దారి దానికి తెలుసు.

ఆఫీసు కాయితం వచ్చింది:
గుంటలు పూడ్చి నల్లరంగు వెయ్యవలెను.
మెడ దగ్గర గాడిని నేను గుంటల్లో లెక్కపెట్టలేదు.

ఈ గురువారం చుక్క వేస్తే
నీళ్ళు నీళ్ళలాగే ఉన్నాయి.
రిజిస్టర్లో సున్నా రాశాను.
ఫిరంగిని గొలుసులతో లేపి, మంచినీళ్ళతో మూడుసార్లు కడిగి
ఎండలో పెట్టాం, మూతి బస్టాపు వైపు.

మియా గాడిలో వేలు రాసి
నాలిక మీద పెట్టుకున్నాడు.
వద్దనేలోపే.
"అభీ హై," అన్నాడు.

అది అతని చెమటే కావచ్చు.
సున్నాని కొట్టెయ్యలేదు గానీ
పక్కన పెన్సిల్‌తో చిన్న చుక్క పెట్టాను.